అద్దంలో కనబడే చోటు

నా రాతలో తప్పులుంటే మన్నించండి. నేను అక్షరాలు దిద్దేనాటికి నా మనవరాలు నాకంటే బాగా రాస్తోంది. ఒక్కో మాట దగ్గర ఆగి, కూడబలుక్కుని రాస్తాను. ఈ కాస్త కథకి చలికాలమంతా పట్టింది.

బిందరా ఊళ్ళో డెస్ ట్రిక్కెట్ కంటే బాగా లారీని వెనక్కి నడపగలిగేవాడు లేడని డెస్ ట్రిక్కెట్ చెప్పేవాడు. బారులో అతని పక్కన కూర్చునేవాళ్ళు అవునవునని తలలూపేవారు. కూర్చుని తలలూపడం తప్ప వాళ్ళకి వేరే పనేమీ ఉండేది కాదు. అతని భార్య నోరెల్ మాత్రం ఏమీ అనేది కాదు. ఆమె ఆ బారుకి పోయేది కాదు, పోయినా ఎవరూ ఆమెను అడిగేవారు కాదు.

డెస్‌ది రాతి క్వారీ నుంచి కంకర, బండరాళ్ళు మోసే బండి. ముందు టిప్పర్ లారీ, దాని వెనక పొడుగాటి ఇనుప దూలంతో తగిలించిన మరో టిప్పర్ ట్రైలర్. ఆ ట్రైలర్‌ని మా దేశంలో అందరూ కుక్క అనే అంటారు. ముందుకు పోతున్నంతసేపూ బుద్ధిగా వెంట వస్తుంది. వెనక్కి నెట్టినప్పుడే దాని గుణం బయటపడుతుంది. మామూలు ట్రైలర్‌కి కీలు ఒక్కటే. దీనికి రెండు. దూలం లారీకి తగిలే చోట ఒకటి, ట్రైలర్ ముందు చక్రాలు తిరిగే పళ్ళెం దగ్గర ఇంకొకటి. లారీ ఒక వైపు చూస్తుంటే దూలం ఇంకో వైపు చూస్తుంది, కుక్క ఎటు పోవాలో తనే తేల్చుకుంటుంది. దూలం ఒక హద్దు దాటి మడతపడిందంటే ఇక ఎంత నెట్టినా సరికాదు. ముందుకు లాగి, మళ్ళీ మొదటినుంచి రావలసిందే.

ఆ హద్దు క్యాబిన్‌లో కూర్చున్న డెస్‌కి కనబడేది కాదు. కింద నిలబడ్డ నోరెల్‌కి కనబడేది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి పాల డెయిరీ వెనక ఇరుకు సందులో అతను పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా ముందుకూ వెనక్కీ ఊగిసలాడుతుంటే, భోజనం డబ్బా ఇవ్వడానికి వచ్చిన ఆమె చూడలేక, అతని అద్దంలో కనబడే చోట నిలబడి చేతులు ఊపింది. ఆ రోజు నుంచి అది ఆమె పనైపోయింది. ఇరుకు చోటు ఎక్కడున్నా బేకరీలో తన తెల్లవారు పని ముగించుకుని, పిండి అంటిన చేతుల్తోనే వెళ్ళి నిలబడేది. ముందురోజే అక్కడికి నడిచి వెళ్ళి, మడమతో నేల నొక్కి చూసుకునేది కూడా. ఎక్కడ గట్టి, ఎక్కడ మెత్తన అని.

ఆ పనికి ఒకే ఒక్క కట్టుబాటు ఉంది. సైగ చేసే మనిషి డ్రైవరుకి అద్దంలో కనబడాలి. మనిషి కనబడకపోతే బండి ఆపాలి. మిగతాదంతా దాని తర్వాతే.

డెస్ ఈ సాయానికి ఇచ్చే ప్రతిఫలం కిటికీలోంచి తిట్లు. "ఏమే, గోడకి బల్లిలా అతుక్కున్నావేంటి, నిన్ను చూడనా గోడని చూడనా?" అనేవాడు. బండి సజావుగా లోపలికి పోతే అది తన చేతి చలవ. చర్చి మెట్టు, గేటు స్తంభం ఏదైనా గీసుకుంటే అది నోరెల్ కళ్ళ జబ్బు. దిగి వచ్చి, చూస్తున్న మగవాళ్ళ వైపు కన్ను కొట్టి, ఆడవాళ్ళకి కుడీ ఎడమా తెలియకుండానే దేవుడు పుట్టించాడని చెప్పేవాడు. వాళ్ళు నవ్వేవారు. నోరెల్ ఆ నవ్వే నోళ్ళని ఒక్కొక్కటే చూసేది. వాళ్ళలో ఒక్కడికైనా తన సైకిల్‌ని సందులోంచి వెనక్కి తేవడం వచ్చా అనుకునేది.

ఆ ఏడాది వానలకి పెద్దవీధి వెనక కొండ చరియ జారింది. పాత పోస్టాఫీసు పెరట్లోకి మట్టి దిగిపోయింది. అక్కడ రాతితో అడ్డుగోడ కట్టే పని గ్రాంట్ ఆల్డస్ అనే మేస్త్రీకి దొరికింది. పెరట్లోకి పోవడానికి దారి బారు వెనకనున్న సందు ఒక్కటే. ఒక పక్క బారు రాతిగోడ, రెండో పక్క పల్లంలో డల్సీ అనే ముసలావిడ ఇల్లు. ఆ ఇంటి వంటగది గోడ సందు అంచుకి చెయ్యి చాచితే అందేంత దగ్గర. చివర బండి తిప్పుకోవడానికి చోటు లేదు. బండి వెనక్కే రావాలి, ముందు కుక్కలోని రాయి దించాలి, ఆ తర్వాత లారీని అడ్డంగా మడిచి దానిది పక్కన పొయ్యాలి.

చిన్న టిప్పర్లు పెట్టుకుంటే రాకపోకలే ఎక్కువని గ్రాంట్ విసుక్కున్నాడు. డెస్ బారులో అది విని, కుక్కతో సహా లోపలికి వస్తానన్నాడు. గ్రాంట్ సరేనన్నాడు. శుక్రవారం ఒక లోడు తెచ్చి చూపించు, వచ్చిందా, వసంతం దాకా గోడ రాయి మొత్తం నీదే అన్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర డెస్ మాంసం కోసుకుంటూ నోరెల్‌కి సంగతి చెప్పాడు. క్వారీలో పని పలచబడింది. ఈ గోడ పని దొరికితే ఊళ్ళో ఉంటాం, దొరక్కపోతే ఇల్లు అద్దెకిచ్చి పడమటి గనులకి పోతాం, ఉండటానికి క్యారవాన్ బండి తయారుగానే ఉంది అన్నాడు. పోతాం అన్నాడు, పోతాను అనలేదు. నోరెల్‌ని అడగాలని అతనికి తోచలేదు. తనను అడగలేదేమని నోరెల్‌కీ అప్పటికి తోచలేదు.

గనుల దగ్గర ఆమె ఇంతకుముందు ఒక ఏడాది ఉండి వచ్చింది. రేకు పెట్టెలాంటి క్యారవాన్, టీలో ఎర్రదుమ్ము, దుప్పటి మడతల్లో ఎర్రదుమ్ము. మాట్లాడదామంటే పొద్దున పోయి రాత్రి వచ్చే మొగుడూ, ఆ మొగుడు మాట్లాడే టైర్ల సంగతులూ. ఆ ఏడాది చివర్లో ఆమె ఈగలతో మాట్లాడటం మొదలుపెట్టింది. వాటిలో కొన్ని డెస్ కంటే శ్రద్ధగా వినేవని ఆమెకు అనిపించేది. ఇంకోసారి అక్కడికి పోకూడదు. దానికి దారి ఒక్కటే, ఈ మనిషిని కుక్కతో సహా ఆ సందులోకి పంపించాలి. అందుకు ఎన్ని తిట్లయినా తినవచ్చు.

గురువారం మధ్యాహ్నం ఆమె సందంతా నడిచింది. డల్సీ ఇంటివైపు అంచున మునిసిపాలిటీవాళ్ళు నీళ్ళ గొట్టం కోసం తవ్వి, మట్టి వదులుగా కప్పేసి పోయారు. పైన గడ్డి కూడా మొలిచింది. కంటికి తెలియదు, మడమకి తెలిసింది. డల్సీ కిటికీలోంచి ఆమెను చూసి, సిగ్గులేనివాళ్ళు, చెత్తబుట్టలో కూడా అంతకంటే గట్టిగా కుక్కుతాను నేను, అంది.

ఇంటికొచ్చి నోరెల్ ఆ సంగతి డెస్‌కి చెప్పింది. బారు గోడ వైపే ఆనుకుని రా, డల్సీ వైపు అంచు మెత్తగా ఉంది అని. డెస్ టీవీ చూస్తూ ఊఁ అన్నాడు.

శుక్రవారం ఆమె బేకరీ నుంచి వెళ్ళేసరికి బారు వెనక అరుగు మీద మగవాళ్ళు అప్పటికే చేరారు. ఆ ఊళ్ళో ఎవరి బండి ఇరుకులో ఇరుక్కున్నా అది వాళ్ళకి పండగ. గ్లాసులు పట్టుకుని నిలబడతారు, అడక్కుండానే తలా ఒక సలహా ఇస్తారు. లారీ వీధి మొగలో నిలిచి ఉంది. దాని పక్కన స్నో పిల్‌బీమ్, డెస్ తాగుడు స్నేహితుడు, పసుపుపచ్చ చొక్కా తొడుక్కుని నిలబడ్డాడు. సైగ చేసేటప్పుడు దూరానికి కనబడాలని వేసుకునే ఆ చొక్కా నోరెల్‌ది.

డెస్ కిటికీలోంచి తల బయటపెట్టి, ఇవాళ నువ్వు పక్కకి పోయి కూర్చో అన్నాడు. నోరెల్‌కి ముందు అర్థం కాలేదు. తర్వాత నెమ్మదిగా సంగతి తెలిసింది. ముందు రాత్రి బారులో ఎవరో, నీ లారీ నువ్వు నడుపుతున్నావా నీ పెళ్ళాం నడుపుతోందా అన్నారట. గ్రాంట్ కూడా నవ్వాడట. దాంతో డెస్‌కి తన పెళ్ళాం కనబడని లారీ ఒకటి లోకానికి చూపించవలసిన అవసరం పడింది.

"స్నోకి అంచు సంగతి చెప్పావా?" అని అడిగింది నోరెల్.

"వాడికి నువ్వు నేర్పక్కర్లేదు."

"స్నో జన్మలో కుక్కని వెనక్కి రప్పించిన మనిషి కాదు డెస్."

"మగవాడు గదా, చూస్తే తెలుస్తుంది," అని డెస్ గేరు వేశాడు. అరుగు మీద ఎవడో చప్పట్లు కొట్టాడు.

నోరెల్ సందు వంపు దగ్గర, డల్సీ ఇంటి మెట్ల మీద కూర్చుంది. కోపం కంటే ముందు ఆమెకు కలిగింది అసహ్యం. పని కావలసింది తనకి. పని చెడగొట్టేది వీళ్ళ పరువు. ఆ పరువేమో అరుగు మీద నిలబడి బీరు నురుగు తుడుచుకుంటోంది.

స్నో నేరుగా కుక్క వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. ఏ అద్దంలోనూ కనబడని చోటు వెతుక్కుని మరీ నిలబడినట్టుంది. రెండు చేతులూ గాలిలో ఊపుతూ, రానీ, రానీ, రానీ అని మొదలుపెట్టాడు. డెస్‌కి అతని చేతులు కనబడటం లేదు, గొంతు ఒక్కటే వినబడుతోంది. గొంతుకి కుడీ ఎడమా ఉండదు. కట్టుబాటు ప్రకారం బండి అక్కడే ఆగాలి. ఆపితే స్నోని పక్కకి జరగమని అడగాలి. అరుగు మీదివాళ్ళ ముందు అదెలా? డెస్ ఆపలేదు.

సగం దూరం బాగానే వచ్చింది. సందు వంపు తిరిగే చోట కుక్క వెనక భాగం డల్సీ వైపు మళ్ళడం మొదలైంది. నోరెల్ లేచి నిలబడింది. దూలం మడతపడుతోంది. కొంచెం, ఇంకొంచెం. ఇప్పుడు ఆపి ముందుకు లాగితే సరి. ఆమె పరిగెత్తి అతని అద్దంలో కనబడే చోట నిలబడి, రెండు చేతులూ తల మీద అడ్డంగా కట్టి చూపించింది. ఆపు అని. ముప్ఫై ఏళ్ళుగా ఆ సైగకి ఆ లారీ ఆగింది.

అద్దంలో డెస్ కళ్ళు ఆమె కళ్ళని కలుసుకున్నాయి. అతను చూశాడు. చూసి, తల తిప్పుకుని రెండో అద్దంలోకి చూశాడు. స్నో ఇంకా రానీ రానీ అంటూనే ఉన్నాడు.

దూలం హద్దు దాటింది. ఇనుము మూలిగిన చప్పుడైంది. కుక్క సందుకి అడ్డంగా తిరిగి, వెనక కుడి చక్రాలు గడ్డి కప్పిన గొట్టం గోతిలోకి మెల్లగా దిగబడ్డాయి. ట్రైలర్ మొత్తం, నిండా బండరాళ్ళతో, డల్సీ వంటగది మీదికి వాలి నిలిచింది.

అరుగు మీద ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి ముందు ఎవరు నవ్వుతారా అని ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. డెస్ ముందుకు లాగాలని చూశాడు. చక్రాలు ఇంకాస్త దిగాయి. గ్రాంట్ పెరట్లోంచి వచ్చి చూసి, ఇంజన్ ఆపెయ్, పొక్లెయిన్ తెస్తాను, బకెట్‌తో రాయి తోడేసి బయటికి లాగుదాం అన్నాడు. మంచి మాటే. అయితే ఆ మాట ఒప్పుకుంటే డెస్ ట్రిక్కెట్ లోడుని ఇంకొకడు తోడినట్టవుతుంది.

"బాడీ ఇక్కడే లేపెయ్ మామా," అన్నాడు స్నో. "బరువు జారిపోతే అదే తేలుతుంది."

తెలివి తక్కువ మాటలు ఆ సందులో ఆ రోజు చాలానే పుట్టాయి, వాటన్నిటికీ ఇది తాత. పక్కకి వాలిన బాడీని లేపితే రాయి వెనక్కి జారదు. పైన బరువు పెరిగి, వాలిన వైపే పడుతుంది. టిప్పర్ తోలేవాళ్ళు మొదటి వారంలోనే అది నేర్చుకుంటారు. డెస్‌కి తెలియక కాదు. తెలిసిన సంగతి పనికి రానంత సిగ్గు అతన్ని పట్టుకుంది. కుక్క వెనక తలుపు కొక్కెం వదిలి, మీట లాగాడు. కుక్క బాడీ ముందు భాగం లేవడం మొదలుపెట్టింది.

లోపల వంటగదిలో డల్సీ కుళాయి దగ్గర నిలబడి ఉంది. చెవులు సరిగా వినబడని మనిషి. గిన్నె తోముతోంది.

నోరెల్ ఎప్పుడు నడిచిందో ఆమెకే తెలియదు. కుక్కకీ ఆ గోడకీ మధ్య, పడితే సరిగ్గా ఎక్కడ పడుతుందో అక్కడికి పోయి నిలబడింది. డెస్ అద్దంలో నిండుగా కనబడే చోటది. చేతులు ఎత్తలేదు. ఏ సైగా చెయ్యలేదు. ఊరికే నిలబడి అద్దంలోకి చూసింది.

గ్రాంట్ అరిచాడు. స్నో వెనక్కి పరుగెత్తాడు, ఆ ఒక్క పని చురుగ్గా చేశాడు. మనిషి దగ్గరుండగా బాడీ లేపకూడదు. అది కట్టుబాటు కూడా కాదు, కట్టుబాట్లు పుట్టకముందు సంగతి.

డెస్ ఆమెను చూశాడు. మీట మీద చెయ్యి అలాగే ఉంది. బాడీ ఇంకా లేస్తోంది. పైనున్న రాళ్ళలో ఒకటి కదిలి, ఇంకోదానికి తగిలి ఆగింది. టైరు పక్కన మట్టి పొడిపొడిగా రాలుతోంది. నోరెల్ అతని ముఖం చూస్తోంది. ముప్ఫై ఏళ్ళుగా ఆ అద్దంలో ఆ ముఖాన్ని చూసింది. విసుగు, తొందర, తిట్టబోయే ముందు వంకర పోయే మూతి, అన్నీ తెలుసు. ఇది కొత్తది. డెస్ ఆలోచిస్తున్నాడు. ఒక పక్కన ఆమె, ఇంకో పక్కన అరుగు మీది మనుషులు. రెండూ తూకం వేస్తున్నాడు.

ఆ కాసేపట్లో నోరెల్‌కి భయం పోయింది. దాని చోట వచ్చినది చాలా చల్లగా, హాయిగా ఉంది. ఈ మనిషితోనా నేను ఎర్రదుమ్ములోకి పోవలసింది అనుకుంది. పోకుండా ఉండటానికి ఇతని కుక్కని సందులోకి పంపించాలనుకున్నానా? ఇంట్లోనే, నేను పోను అంటే చాలదా? ఇంత చిన్న మాటకి ఇంత పెద్ద లారీ ఎందుకు?

చివరికి డెస్ మీట వదిలాడు. బాడీ దిగింది. ఇంజన్ ఆగింది. కుళాయి కట్టేసి, డల్సీ కిటికీ తెరిచింది.

"ఏంటమ్మాయ్, నా ఎండకి అడ్డం నిలబెట్టారు దీన్ని?" అంది ట్రైలర్ వైపు చూసి.

"ఇప్పుడే తీసేస్తారు డల్సీ గారూ. మీరు ముందు గది వైపు రండి, టీ పెడతాను," అంది నోరెల్.

సాయంత్రం దాకా పొక్లెయిన్ ఆ రాళ్ళని చెంచాతో పిల్లాడికి పెట్టినట్టు ఒక్కొక్కటే తోడింది. వంగిపోయిన దూలాన్ని కోసి తీశారు. గోడ పని చిన్న టిప్పర్లవాళ్ళకి పోయింది. ఆ రాత్రి బారులో డెస్, ఆడది వచ్చి అడ్డంగా నిలబడకపోతే లోడు దిగిపోయేదని చెప్పాడు. స్నో అవునన్నాడు. మిగతావాళ్ళు తలలూపారు. పొద్దున తమ కళ్ళతో చూసినదానికంటే రాత్రి తమ చెవులతో విన్నది వాళ్ళకి నచ్చింది.

డెస్ ఇంటికొచ్చి, వచ్చే వారం బయల్దేరదాం, సామాను సర్దు అన్నాడు. నోరెల్ ఇస్త్రీ చేస్తోంది. చేస్తూనే, నేను రావడం లేదంది.

అతనికి ముందు కోపం వచ్చింది, తర్వాత నవ్వు వచ్చింది, ఆ తర్వాత ఆమె ఇస్త్రీ ఆపలేదని గమనించాక రెండూ పోయాయి. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అక్కడ వంట ఎవరు చేస్తారన్నాడు. బేకరీ జీతంతో నువ్వెలా బతుకుతావన్నాడు. ఊళ్ళో ఏమనుకుంటారన్నాడు. చివరికి అసలు మాట దగ్గరికి వచ్చాడు.

"బాడీ దించేవాణ్ణే నోరెల్. నీకు తెలీదా? నీ మీద పోస్తానా?"

"దించావు. చూశాను," అంది నోరెల్. "ఎంతసేపటికి దించావో కూడా చూశాను."

చొక్కా మడిచి అతని సంచిలో పెట్టింది. అతని చొక్కాలన్నీ ఇస్త్రీ చేసే పెట్టింది. పగ ఉన్నవాళ్ళయితే నలిపి పెడతారు. ఆమెకు పగ పెట్టుకునేంత ఖాతరు కూడా లేదు.

డెస్ కొత్త దూలం వేయించుకుని, పడమటికి ఒక్కడే పోయాడు. అక్కడ బండ్లు గుండ్రంగా తిరిగి వస్తాయి, సందులూ మలుపులూ లేవు, అరుగులూ లేవు. ఆదివారాలు ఫోన్ చేసి, ఇక్కడ తనంత బాగా తోలేవాడు లేడని చెప్పేవాడు. నోరెల్ వినేది, బఠాణీలు ఒలుచుకుంటూ. కొన్నాళ్ళకి ఆదివారాలు తప్పడం మొదలైంది. ఫోన్ మోగలేదన్న సంగతి ఆమెకు ఒక్కోసారి మంగళవారానికి గుర్తొచ్చేది.

ఆ ఇంట్లోనే ఉంది ఆమె. బేకరీకి పోయేది, వచ్చి పడుకునేది, సాయంత్రం డల్సీతో కూర్చుని ఊరి మగవాళ్ళ సంగతులు ఒకరి తర్వాత ఒకరివి చెప్పుకునేది. డల్సీ చెవికి వినబడేలా గట్టిగా చెప్పవలసి వచ్చేది. బారు అరుగు దాకా వినబడేదట.

ఎల్వా ప్రెంటిస్
వయసు డెబ్బై ఎనిమిది
ఇప్పుడు ఉంటున్నది టారీలో